ముగ్గురు సాక్షులు

కోడలి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఫ్రిజ్‌లోని సీసాను ఆఫీసుకు చేర్చడం, పన్నెండింటికి విచారణలో నాలుగు ముక్కలు చెప్పడం, ఆ తర్వాత ఇంటికొచ్చి పడుకోవడం. ఊరి చివరి చిత్తడి నేలలో నీటినీ, అందులో బతికే జీవాలనూ పరీక్షించడం ఆమె ఉద్యోగం. మూడు రోజులుగా మోకాలి లోతు బురదలో తిరిగి నడుం విరిగిపోయింది. అక్కడ బస్సుల డిపో కట్టాలన్నవాళ్ళు అది వట్టి మురుగు గుంట అంటున్నారు. కాదనడానికి ఆమెకున్న సాక్షులు ముగ్గురే: మంచినీళ్ళలో తప్ప బతకని రకం తూనీగ పిల్లలు, ఇంకా రెక్కలు రానివి. నిన్న తిరిగొచ్చేసరికి ఆఫీసు మూసేశారు. నిబంధనలు ఒప్పుకోకపోయినా వాటిని ఉంచిన సీసాను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. చీటీ అంటించే ఓపిక కూడా లేకపోయింది.

ఆమె స్నానానికి వెళ్ళగానే మామగారికి దాహం వేసింది.

లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయనకు మేడ మీది ట్యాంకు మీద ఏనాటినుంచో అనుమానం. సీసాలో నీళ్ళన్నీ గాజు గ్లాసులోకి వంచుకుని, నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. మూడు పురుగులు ఈదుతున్నాయి. ఆయనకు భయం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది. గ్లాసు పట్టుకుని మూడంతస్తుల తలుపులూ కొట్టారు.

తలకు తువ్వాలు చుట్టుకుని కోడలు బయటికొచ్చేసరికి మెట్ల నిండా జనం.

"అమ్మాయ్, కుళాయి నీళ్ళు ముట్టుకోకు! పురుగులు!"

"మావయ్యగారూ, అవి నావండీ."

"నీ ఒక్కదానివే ఏంటమ్మా, అందరివీను! ట్యాంకు ఒకటేగా!"

పై అంతస్తు ఆవిడకు మొన్నటి కడుపునొప్పి గుర్తొచ్చింది. ఆమెను చూసి మరో నలుగురికి ఇప్పుడే మొదలైంది. నివాసుల సంఘం కార్యదర్శి మామగారి చేతిలోని గ్లాసు తీసుకుని, ప్లంబర్ని పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించడం మొదలుపెట్టాడు. గోరంత కొండంతవుతుండగా కోడలి ఫోను మోగింది. పైఅధికారి.

"ఏమ్మా, ఏదో బిల్డింగులో నీళ్ళలో పురుగులట. ఇరవై ఫోన్లొచ్చాయి. మీ ఇంటి దగ్గరే, ఓసారి చూసి రా."

ఆయన చెప్పిన చిరునామా తమ బిల్డింగుదే. ఆమె కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండి."

"ఇది సాక్ష్యమండీ. అధికారి వచ్చేదాకా ఎవరికీ ఇవ్వను."

"ఆ అధికారిని నేనే."

"ఫిర్యాదు చేసింది మీ మావగారు, విచారించేది మీరూనా? చెల్లదు."

పదకొండైంది. గ్లాసులో ఒక పురుగు కదలడం తగ్గించింది. ఇక దాచే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేసింది: సీసా, చిత్తడి నేల, ఫ్రిజ్, అన్నీ. అందరి చూపులూ మామగారి మీదికి తిరిగాయి.

"చీటీ అన్నా పెట్టకపోయావమ్మా," అన్నారాయన మెల్లగా. ఆ మాటకు ఆమెకు బురదలో మూడు రోజుల కన్నా ఎక్కువ నీరసం వచ్చింది.

అప్పుడే మేడ మీదినుంచి ప్లంబరు అరిచాడు. "సార్, ఓసారి పైకి రండి!"

ట్యాంకు అడుగున జానెడు మడ్డి. అందులో రెండు పావురాల ఎముకలు, ఒక చెప్పు.

"ఎన్నేళ్ళనుంచి తాగుతున్నారండీ ఇవి?" అని అడిగాడు ప్లంబరు. కార్యదర్శి మామగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ మూగారు. పిట్టగోడ మీద వదిలేసిన గ్లాసును ఎవరూ పట్టించుకోలేదు. కోడలు ఆ నీళ్ళను సీసాలోకి వంచుకుని పరుగెత్తింది.

సాక్షులు ముగ్గురూ విచారణకు ప్రాణాలతోనే చేరారు. డిపోకు వేరే స్థలం చూడమన్నారు. కోడలు కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరి స్నానాల గదిలో కుళాయి తిప్పింది, గాలి వచ్చింది.

రెండు రోజులపాటు నీళ్ళు రావని వాకిట్లో నోటీసు అంటించి ఉంది, కింద కొత్త నీటి పర్యవేక్షకుడిగా మామగారి సంతకం.