నలభై జీబీల పంపకం

యూనస్ కళ్ళు తెరిచేసరికి కొత్త హార్డ్ డిస్క్ బల్ల మీద పొద్దుటి ఎండలో మెరుస్తోంది. లోపల నలభై జీబీల ఖాళీ. వాన కురిసిన మర్నాడు ఇంకా ఎవరూ కాలు పెట్టని చేనులా తోచింది అతనికి. ధర్మవరంలో పగటికలలకు పన్ను వేస్తే ముందు కట్టాల్సినవాడు యూనసే. పాత డిస్కులో వైరస్ దూరి, భార్య సల్మా గీసిన చీరల డిజైన్లు సగం మింగేసింది. మిగిలినవి ఆమె సీడీలో దాచుకుంది. అందుకే ఈసారి కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్‌గా, వైరస్‌లు అంతగా అంటని లినక్స్ వేద్దామనుకున్నాడు. ఆ సిస్టమ్‌కు చిన్న భాగం, మిగిలిందంతా చీర అంచులకు సల్మా గీసే నెమళ్ళకు. సాయంత్రానికల్లా వ్యాపారి హనుమంతుకు నెమళ్ళ అంచు ఇవ్వకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

డిస్కును కంప్యూటర్‌లో బిగించాక అతను చేసిన తప్పల్లా ఒకటే. "ఎన్ని భాగాలు చేద్దాం?" అని ఇంట్లో అందరూ వినేలా అడిగాడు.

"పెద్దోన్ని నేనుండంగా, నన్ను అడక్కుండా భాగాలేందిరా?" అన్నాడు తండ్రి ఇమాం. కంప్యూటర్‌ను ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. "నాకూ ఒగటి పెట్టు. రోడ్డు పక్కది."

యూనస్ తెర మీద గీత గీశాడు.

"కొత్తచెరువులో ఉండే నీ చెల్లెలికి ఏమీ ఇయ్యవా? ఆడబిడ్డ ఉసురు మంచిది కాదు" అంది తల్లి మహబూబ్‌బీ. చెల్లెలికి ఇంకో గీత. "మరి నాకు?" తల్లికీ ఒకటి.

ఇంతలో డిజైన్ కోసం వచ్చిన హనుమంతు, పంచాయితీ కనబడేసరికి చెప్పులు విడిచి పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"ఏమప్పా, ఈశాన్యం మూల ఎవరికిస్తాండావు?"

"లోపల గుండ్రంగా ఉంటాదన్నా. మూలలుండవు."

"మూల లేని ఆస్తి యాడైనా ఉంటాదా? సరే, నడిమధ్యలో అందరికీ దారన్నా వదులు."

దారీ వదిలాడు. రంగురంగుల గీతలు చూస్తుంటే మగ్గం మీద చీర దిగుతున్నట్టే ఉంది. ఆ కలలో పడి, సల్మా భాగం ఒక్క పోగంత అయిపోవడం అతను గమనించనేలేదు. సిస్టమ్ ఎక్కడ వేయాలని తెర అడిగింది. చోటు లేదు! అందరికీ గదులు పంచి వంటిల్లు మరిచాడు.

"నా నెమళ్ళు యాడ నిలబడాల?" అంది సల్మా. ఆమెకు ఏడుపొచ్చింది. హనుమంతు గడియారం చూసుకున్నాడు.

యూనస్ కల చెదిరింది. అతను తలపట్టుకుంటే చివరికి సల్మానే కళ్ళు తుడుచుకుని అంది: "అన్నీ చెరిపెయ్. అంతా ఒగటే భాగం చెయ్. లోపల పేరుకో ఫోల్డర్ పెడితే పాయె."

అలాగే చేశాడు. పొద్దుగూకేలోపు లినక్స్ ఎక్కింది, సీడీలోంచి నెమళ్ళు దిగాయి, ఆర్డరు నిలిచింది.

హనుమంతు వెళ్ళగానే ఇమాం దొంగచాటుగా వచ్చి, "నాకెంత పడిందమ్మా?" అన్నాడు. సల్మా ఆయన పేరున్న ఫోల్డర్ తెరిచింది. లినక్స్, నెమళ్ళు పోను ఖాళీ ముప్పై ఆరు జీబీలని చూపించింది తెర. కాసేపటికి మహబూబ్‌బీ వచ్చి తనదీ చూసుకుంది. ఆమెకూ ముప్పై ఆరే. గోడలు లేని ఇంట్లో ఏ మంచం మీద పడుకున్నా ఇల్లంతా కనబడుతుంది మరి. ఎక్కువ తనకే వచ్చిందని తెలిస్తే మిగతావాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఇద్దరూ నోరు మెదపలేదు.

అన్నాల దగ్గర ఇమాం కోడలి వైపు జాలిగా చూసి, "చోటు చాలకుంటే నీ నెమళ్ళు రెండు నా దాంట్లో కట్టేసుకో తల్లీ" అన్నాడు.