మడి చెడకుండా గట్టెక్కు విధానము

పాలకొల్లుకు కోసెడు దూరంలో ఉన్న మా ఊరి కాలువకు శ్రీ జగన్నాథరావు గారు సొంత ఖర్చుతో రాతిమెట్ల రేవు కట్టించి, ఒక ఆదివారం ఉదయం తామే దాన్ని ప్రారంభించి, తామే ఉపన్యసించి, తామే అందులో మునిగిపోయారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఈ మూడింటిలో మొదటి రెండూ ముందుగా నిర్ణయించినవే.

గోదావరి ఆనకట్ట నీళ్లు మా కాలువలోకి వచ్చి అప్పటికి పాతికేళ్లు. ఊళ్లో సగం భూమికి జగన్నాథరావు గారు యజమాని, తక్కిన సగానికి సలహాదారు. ఆయన మొలలోతు నీళ్లలో నిలబడి, "మహాజనులారా! నీటికి కులం లేదు. ఆత్మకు అంతకన్నా లేదు. మీకు నేను కనబడుతున్నాను గాని, నిజానికి నేనంటూ లేను!" అని, ఆ మాట గట్టు మీద చివరివాడికి కూడా వినబడాలని ఒక్క అడుగు వెనక్కి వేశారు. కింది మెట్టు మీద పాచి ఉంది. మరుక్షణం ఆయన లేరు. జనం చప్పట్లు కొట్టారు.

ఎగువ లాకు తలుపులు ఎత్తి ఉండడంవల్ల నీటివడి ఆయన్ని ఈడ్చుకుపోయి, పడవలు కట్టే రాట దగ్గర వదిలింది. ఆయన దాన్ని వాటేసుకున్నారు. గట్టున వందమంది ఉన్నారు గాని ఏం లాభం? ఈత వచ్చినవాళ్లెవరూ మడిలో లేరు, మడిలో ఉన్నవాళ్లెవరికీ ఈత రాదు. సంకల్పం చెప్పుకుని దిగిన మనిషిని మైలబట్టతో ముట్టుకుంటే రేవే అపవిత్రమవుతుందని పురోహితులు అవధాన్లు గారు హెచ్చరించారు. ఈతగాళ్లు భక్తిపరులు గనుక ఆగిపోయారు.

ఆ సమయంలో మాలపేట దీనమ్మ ప్రార్థన నుంచి ఇంటికి పోతూ, దిగువ గట్టున మేకకు కాస్త గడ్డి కోసుకుంటోంది. పడవవాళ్లు వదిలేసిన వెదురు గెడ ఒకటి అక్కడ పడి ఉంటే, కొడవలి పారేసి దాన్నెత్తి నీళ్లమీదికి చాచింది.

"పట్టుకోండి బాబూ!"

జగన్నాథరావు గారు చెయ్యి చాచబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. "ఎవరే నువ్వు?"

"పేటలో దీనమ్మనండి."

"అవధాన్లు గారూ! వెదురులోంచి మైల పారుతుందా?" అని ఆయన రాట మీంచి అరిచారు. గడ్డం దాకా నీళ్లొచ్చినా ఆచారం వదలని ఆ నిష్ఠకు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

"ఎండు వెదురైతే పారదండి. తడిస్తే పారుతుంది. తమరు పట్టుకుంటే తడుస్తుంది కదండీ," అన్నారు అవధాన్లు గారు. కాసేపు కళ్లు మూసుకుని, "అయితే మధ్యన పట్టుబట్ట చుడితే దోషం లేదండి. పట్టుకు మైల అంటదు," అని దారి చూపించారు. గట్టు మొత్తం మీద పట్టుబట్ట ఒకటే ఉంది, అది అవధాన్లు గారి నడుముకు ఉంది. మర్యాదస్తులు గనుక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

జగన్నాథరావు గారి ధర్మపత్ని పాపాయమ్మ గారు గుండెలు బాదుకుంటూ, ఇంట్లో పెట్టెలోంచి పట్టుచీర తెమ్మని మనిషిని పురమాయించారు. అంతలోనే, "ఒరే, నెమలికంఠం రంగుది మాత్రం తేకు! ఆ రంగంటే ఆయనకి ప్రాణం. కాలువ నీళ్లకి వెలిసిపోతే తట్టుకోలేరు!" అన్నారు. "చిలకపచ్చది మా అమ్మ పెట్టింది, దాని జోలికి పోకు. గులాబీది..." అని ఆగి, వెక్కి వెక్కి ఏడ్చారు. భర్త ఇష్టాయిష్టాలు ఇంతగా ఎరిగిన ఇల్లాలు ఈ జిల్లాలో మరొకరు లేరు. ఏ చీరో తేలక మనిషి కదలలేదు.

ఇంతలో మిషను ఉపదేశి ఆశీర్వాదం గారు గొడుగు వేసుకుని వచ్చారు. మతాలు వేరైనా నిష్ఠలో ఆయన అవధాన్లు గారికి ఏమీ తీసిపోరు.

"దీనమ్మా, ఈవేళ ఆదివారం. గెడ పట్టడం పని కిందికి వస్తుంది. గుంటలో పడ్డ గొర్రెనైతే విశ్రాంతి దినాన తియ్యొచ్చు. కాలువలో పడ్డ భూస్వామి మాట నాకు తెలీదు. రాజమండ్రిలో దొరగారికి ఉత్తరం రాసి కనుక్కుంటాను. నాలుగు రోజుల్లో జవాబొచ్చేస్తుంది. అందాకా అలాగే పట్టుకుని ఉండమను."

"నాలుగు రోజులాండీ!" అంది దీనమ్మ. రాట అప్పటికే కదులుతోంది. ఆమె గెడ పారేసి, చెంగు బిగించి, నీళ్లలోకి దూకి, జగన్నాథరావు గారి జుట్టుముడి దొరకబుచ్చుకుని మెట్ల మీదికి ఈడ్చేసింది.

గట్టున హాహాకారాలు చెలరేగాయి. ముట్టేసింది! ఆయన ఇంకా నీళ్లు కక్కుతుండగానే సభ తీర్మానించింది: శుద్ధి కోసం పారే నీటిలో మూడు మునకలు, అదే రేవులో, తక్షణం. "ఇంట్లో చెంబుతో పోసుకుంటానండీ," అని ఆయన చేతులు జోడించారు. మైలపడ్డ మనిషికి సభలో మాట్లాడే అర్హత లేదు గనుక ఆ విన్నపం విచారణకు రాలేదు. మొదటి మునక దివ్యంగా జరిగింది. రెండోది అంతకన్నా బాగుంది. మూడోదాంట్లో ఆయన మళ్లీ జారి, మళ్లీ ఆ రాట దగ్గరే తేలారు.

ఈసారి వెదురు గురించి గాని పట్టు గురించి గాని ఎవరూ నోరెత్తలేదు. వందమందీ దీనమ్మ వైపు చూశారు.

ఆమె చెంగు పిండుకుంటూ, "లాగుతానండి. కానీ నేను లాగితే మీరు మళ్లీ ముంచుతారు, ముంచితే బాబుగారు మళ్లీ జారతారు. పొద్దుగూకేదాకా ఇదే పనా అండి మనకి? మనిషి కావాలో మడి కావాలో ఓ మాట అనుకుని చెప్పండి," అంది.

"రెండూ కావాలి!" అంది సభ.

"నన్నడగండర్రా!" అన్నారు జగన్నాథరావు గారు రాట దగ్గర్నుంచి. ఎవరూ అడగలేదు. అప్పుడాయన భార్య వైపు చూడలేదు, పురోహితుడి వైపు చూడలేదు. "జుట్టు పట్టుకోవే తల్లీ! నీకు పుణ్యముంటుంది!" అని పసివాడిలా ఏడ్చేశారు. ఆ మాటల్లో ఉపన్యాసం లేదు. దీనమ్మకు జాలేసింది. మళ్లీ లాగింది.

రెండో శుద్ధికి ఆయన ప్రాణం ఆగదని అందరికీ తెలిసిపోయింది. కనుక రెండోసారి ఆయన్ని సాక్షాత్తూ గోదావరి తల్లే జుట్టు పట్టుకుని గట్టుకు చేర్చిందనీ, తాము కళ్లారా చూశామనీ అవధాన్లు గారు ప్రకటించారు. అందరూ చూశారు. ఆ వేళకు దీనమ్మ ప్రార్థన మందిరంలో కీర్తన పాడుతోందని ఆశీర్వాదం గారు సాక్ష్యమిచ్చారు. మరి ఆమె చీర ఎందుకు తడిసిందయ్యా అంటే, ఎండ ఎక్కువగా ఉందన్నారు. మా ఊళ్లో రెండు మతాలవారూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు.

పేటవాళ్లు ఇక ఆ రేవు ఛాయలకు రాకూడదని మర్నాడే ఒక రాయి పాతించారు. ఆ సాయంత్రమే జగన్నాథరావు గారి కబురు దీనమ్మకు అందింది. గట్టు మీది గడ్డంతా ఆమెదేనట. కాకపోతే బాబుగారి స్నానం వేళకే కోసుకోవాలట. రాయికి అవతల ఉండాలి, పిలిస్తే పలికేంత ఇవతల ఉండాలి.

ఈ రహస్యం వారం తిరక్కుండా ఊరంతా ఎరిగిపోయింది. ఇప్పుడు కొడవలి చప్పుడు వినబడితే గాని అవధాన్లు గారు సంకల్పం అందుకోరు. పాపాయమ్మ గారైతే మెట్టు దిగేముందు రాయి అవతలికి తొంగి చూసి, ఆ తర్వాతే సూర్యుడికి దండం పెడతారు.

మొన్న దీనమ్మకు జ్వరం తగిలింది. ఊళ్లో స్నానాలు లేవు, మడి లేదు, గుళ్లో నైవేద్యం లేదు. పెద్దలందరూ ఎండు తలలతో పేట మొదట్లో, ముట్టుకోనంత దూరంలో నిలబడి, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని నిజం కన్నీళ్లతో అడుగుతున్నారు. పాఠక మహాశయులు నవ్వుకుంటే నవ్వుకోండి. కాకపోతే తమరి గట్టున గడ్డి కోస్తున్నది ఎవరో ఒకసారి తల తిప్పి చూసుకుని, ఆ తర్వాత నవ్వండి.