రెబెక్క పెళ్ళికారు

ఆ ఉదయం జోగారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో పక్కింటి పౌలు కూతురు రెబెక్కను తన పాత కారులో మలక్‌పేట చర్చికి చేర్చాలి. తర్వాత ముందు వరుసలో కూర్చుని, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకోవాలి. ఆయనకు పిల్లలు లేరు. రెబెక్క సగం ఆయన ఇంట్లోనే పెరిగింది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది, ఆ రోజు కూడా బంద్. పెట్రోలు బంకులు మూసేశారు, రిక్షాలు లేవు. కారులో ఉన్న పెట్రోలు వీధి మలుపు దాటిస్తే గొప్ప. పెళ్ళి వాయిదా వేద్దామంటే పెళ్ళికొడుకు తండ్రి సుందరయ్య ఒప్పుకునే మనిషి కాదు. పైగా ఆయన మద్యపాన నిషేధ సంఘం పెద్ద. "పెండ్లిల సారా వాసనొచ్చిందంటే నా కొడుకును తీస్కొని పోత" అని ముందే చెప్పాడు.

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే జోగారావు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఎక్కడో ఎడారిలో తవ్విన నూనె కోసం మనం దేబిరించడమెందుకు పౌలూ? చెరకు మడ్డిలోంచి తీసిన స్పిరిట్టుతో ఇంజను నడుస్తుంది. నీ దగ్గరుందిగా!"

పౌలు బల్లలకూ బీరువాలకూ పాలిష్ పెట్టే పనివాడు. "గది బీరువలకు వెట్టేది సార్. కారుకు పడుతదా?"

"దివ్యంగా పడుతుందయ్యా!"

రెండు డబ్బాలు పోశారు. మొదటిది సగం జోగారావు పట్టు లాల్చీ మీద ఒలికింది. రెండోదాంట్లో పాలిష్ కోసం లక్క నానేసి ఉందని పెళ్ళి హడావిడిలో పౌలుకు గుర్తే లేదు.

కారు సైదాబాద్ దాకా హుషారుగా పరుగెత్తింది. మలక్‌పేటలో లక్క ఇంజనులోకి దిగింది కాబోలు, కారు రెండుసార్లు దగ్గి, నినాదాలిస్తున్న విద్యార్థుల గుంపు ముందు సరిగ్గా ఆగిపోయింది. జోగారావు పెదవులు బిగించాడు. ఆయనది కాకినాడ. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది, వెనక సీట్లో పెళ్ళికూతురు ఉంది.

పౌలు చటుక్కున దిగాడు. "మా అన్నకు మాట రాదు బిడ్డా. పెండ్లికి ఆలస్యమైతుంది. జర నూకుండ్రి."

పిల్లలు జాలిపడ్డారు. జై తెలంగాణ అంటూనే కారును చర్చిదాకా తోసి, "మూగాయన, పాపం" అని అందరికీ చెప్పి మరీ దింపారు.

గేటు దగ్గర సుందరయ్య ముక్కు ఎగబీల్చాడు. "మాట రాకపోయినా తాగుడు మాత్రం వచ్చినట్టుందే!"

"ఆయన తాగలేదు బావా! కారుకు స్పిరిట్ పోసినం," అన్నాడు పౌలు.

"కారు తాగుతదా? నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా? పెండ్లి లేదు, ఏం లేదు!" సుందరయ్య కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

రెబెక్క ముసుగులోనే తల దించుకుంది. జోగారావు ఆమెను చూశాడు, వెనక నిలబడ్డ విద్యార్థులను చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"అయ్యా, నేను చుక్క ముట్టలేదండీ! తాగింది కారేనండీ! కావాలంటే ట్యాంకు మూత తీసి వాసన చూడండి బాబూ!"

పెళ్ళికొడుకు నాయనమ్మ ఎస్తేరమ్మ చేతులు పైకెత్తింది. "హల్లెలూయ! మూగోనికి మాటొచ్చింది!"

"మాటొచ్చింది సరే," అన్నాడు గుంపులోని గడ్డం విద్యార్థి. "కాకినాడ మాటొచ్చిందేంది?"

రెబెక్క ముసుగు వెనక్కి తోసి, ఆ విద్యార్థికీ జోగారావుకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"అన్నా, నాకు సైకిల్ నేర్పింది గీ బాబాయే. నా పెండ్లి ఆగుతదనే నోరు తెరిచిండు. ఏమన్న అనాల్నంటే నన్ను అనుండ్రి."

ఆ అబ్బాయి గడ్డం గోక్కున్నాడు. "నిన్నేమంటం చెల్లె? గింత దూరం నూకినం, బువ్వ పెట్టకుంట పంపుతరా ఏంది?"

జోగారావు అక్కడే, అందరి ముందే, పట్టు లాల్చీతో కళ్ళు తుడుచుకున్నాడు. స్పిరిట్టు తగిలి అవి ఇంకా మండి, ఇంకా నీళ్ళు కారాయి.

ఈలోగా సుందరయ్య ట్యాంకు మూత తీసి వంగి, వాసన చూసి, దగ్గి, పెళ్ళి కానివ్వమన్నాడు. కారును మాత్రం గేటు బయటే ఉంచాలని పట్టుబట్టాడు. తాగి వచ్చినవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదట.