బస్రా ముడి

"పుస్తకం యాడ?"

గాబ్రియేలు పంతులు కొత్త అట్ట చేతబట్టుకుని వలి సాహెబ్ అరుగు ముందు కేక పెట్టాడు. పాత అట్ట ఊడదీసి, తెల్లవారుజామున తాను అరుగు మీద పెట్టి వెళ్ళిన పుస్తకం ఇప్పుడు లేదు. మద్రాసు రైలుకు అరగంటే ఉంది. పాత సిపాయిల కథలు సేకరించి భద్రపరిచే దొర కోసిగి స్టేషన్లో కాచుకుని ఉన్నాడు.

బస్రా యుద్ధంలో కంచరగాడిదలు తోలిన వలి సాహెబ్ ఆర్నెల్లు చెప్పగా పంతులు రాసిన కథ అది. అక్కడే చనిపోయిన గిడ్డయ్య పేరు రాసి ఉన్నది దాంట్లోనే. గిడ్డయ్య భార్య నాగక్క అరుగు కింద కూలబడింది.

"మేక తినింటాది," అన్నాడు వలి సాహెబ్.

మేక నోరు తెరిచి చూశారు. అది పంతులు వేలు కొరికింది.

"అయితే నువ్వే పొయ్యిలో పెట్టింటావు!" అని వలి సాహెబ్ తన భార్య చాంద్ బేగం మీద పడ్డాడు.

"ఇంగా పొయ్యే రాజెయ్యలేదు. చెయ్యి పెట్టి చూడుపో!"

పెట్టాడు. చల్లటి బూడిద మోచేతి దాకా అంటింది.

"నాగక్కా, నిన్న పుస్తకం ముట్టుకుంటానంటివి గదా?"

"నా మొగుని పేరు నేనే దొంగిలిస్తానా సాయిబూ?" నాగక్క చీపురు అందుకుంది.

అంతలో నబీ సాహెబ్ మూటతో అటు వచ్చాడు. అల్లా పేరున్న కాగితం కాళ్ళ కింద పడరాదు. ఊళ్ళో అలాంటివన్నీ మసీదు గడప మీద పెడితే, ఆయన తీసుకుపోయి తుంగభద్రలో కలుపుతాడు.

చాంద్ బేగం మూట వంక చూసింది. "పంతులూ, మొదటి పేజీలో ఏముండాది?"

"బిస్మిల్లా, అల్లా పేరు. సాయిబే పెద్దక్షరాలతో రాసినాడమ్మా."

అందరూ మూట మీద పడ్డారు. పుస్తకం లోపలే ఉంది, పురికొసతో కట్టేసి.

"ఎవుడప్పా ఈ పని చేసింది?" వలి సాహెబ్ గర్జించాడు.

"గడప మీదుంటే తెచ్చినా. నాకేం తెలుసు?" అన్నాడు నబీ సాహెబ్.

పంతులు పురికొస విప్పబోయాడు. రాలేదు. రెండు మెలికలు, నడుమ ఉచ్చు. కంచరగాడిద మీద బరువు జారకుండా వేసే బస్రా ముడి. కోసిగిలో ఇంకెవడికీ రాదని ఇరవై ఏళ్ళుగా వలి సాహెబ్ చెప్పగా ఊరంతా విన్నదే. వలి సాహెబ్ పొద్దున్నుంచీ జేబులోనే ఉన్న కళ్ళద్దాలు మెల్లగా తీసి పెట్టుకున్నాడు.

రైలు కూసింది. నాగక్క పుస్తకాన్ని ఒకసారి కళ్ళకద్దుకుని ఇచ్చింది. పంతులు ముడి విప్పకుండానే స్టేషన్ వైపు పరుగెత్తాడు.

"ఇంతకూ ఈ పని చేసిందెవురక్కా?" అని అడిగింది నాగక్క.

మొగుడి పేరు పలకరాదని ఇరవై రెండేళ్ళు "ఆయన"తోనే కాపురం నెట్టుకొచ్చిన చాంద్ బేగం, వీధంతా వినేలా చెప్పింది.

"వలి సాహెబ్!"