తొమ్మిదో నంబరు ఖాళీ

అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ ఇరవయ్యో నిమిషంలో కట్టిన స్క్రమ్ పదకొండో నెలలో అడుగుపెట్టింది, దాలినాయుడు ఇంకా వంగే ఉన్నాడు.

స్క్రమ్ అంటే ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది భుజాలు కలిపి పట్టుకుని, ఎదుటివాళ్ళ తలల సందుల్లో తలలు దూర్చి నెట్టుకోవడం. మధ్యలోకి బంతి దొర్లిస్తే కాళ్ళతో లాక్కుంటారు, లాక్కున్నాక విడిపోతారు. ఆ బంతి దొర్లించేవాడిది తొమ్మిదో నంబరు. జట్టుని ఎంపిక చేసిన రోజున ఆ నంబరుకి రగ్బీ సంఘం అధ్యక్షుల వారు తమ మేనల్లుణ్ణి రాయమన్నారు, ఉపాధ్యక్షుల వారు తమ అల్లుణ్ణి రాయమన్నారు. కమిటీ ఇద్దరినీ నొప్పించలేక ఆ గడి ఖాళీగా ఉంచి సంతకాలు పెట్టేసింది. మైదానంలో రిఫరీ వంగమన్నాడు, వంగారు. పట్టుకోమన్నాడు, పట్టుకున్నారు. బంతి వేసేవాడు లేడు. బంతి పడకుండా విడిపోవడం నియమంలో లేదు.

దాలినాయుడి తల్లి నూకరత్నం అనకాపల్లి దగ్గర అంగన్‌వాడీలో ఆయా. చదివింది ఏడో తరగతి. పిల్లాడు తుమ్మితే ఊపిరితిత్తులకి వచ్చేసిందనుకునే మనిషి. అలాంటిది కన్నకొడుకు మెడ మీద మిగతా పదిహేను మంది బరువు పడితే ఆవిడకి నిద్రెక్కడిది? ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, పచ్చిక మీద వెల్లకిలా పడుకుని, కొడుకు మొహం కిందికి పాకి, గంజి తాగించేది. మెడ నరం చిటికెనవేలంత లావున ఉబ్బి ఉండేది. ఇవాళ కాకపోతే రేపు తెగుతుందని వారం వారం అనుకునేది.

అటువైపు దేశం వాళ్ళు మాత్రం పదిహేను రోజులకోసారి తమ ఎనిమిది మందినీ విమానంలో మార్చుకుంటున్నారు. వాళ్ళ సంఘం నియమాలు సరిగ్గా చదవలేదట. మన జట్టులో స్క్రమ్ బయట నిలబడ్డ ఆరుగురి చొక్కాలకి మట్టి అంటలేదు. వాళ్ళు టీవీల వాళ్ళకి సమష్టి కృషి గురించి చెబుతున్నారు. ఆ ఆరుగురినీ ఇంటిపేర్లు చూసి తీసుకున్నారు, దాలినాయుణ్ణి కాటా మీద నిలబెట్టి తీసుకున్నారు. నూట పద్నాలుగు కిలోలు, మెడ పంతొమ్మిది అంగుళాలు, అంతే. ఎడ్లని కొనేవాడైనా పళ్ళూ సుళ్ళూ చూస్తాడు కదా అని నూకరత్నం గొణుక్కునేది.

పదకొండో నెలలో కొడుకు మోకాళ్ళు వణకడం చూసి ఆవిడ సంఘం ఆఫీసుకెళ్ళింది. నా కొడుకుని జట్టులోంచి తీసెయ్యండి, మీకు దణ్ణం పెడతానంది. గుమాస్తా సూర్యకుమారి విసుక్కోలేదు. తీసెయ్యాలంటే వాడి ఫామ్ పోయిందని ఎక్కడైనా నమోదై ఉండాలని చెప్పింది. నూకరత్నం ఎరిగిన ఫారం ఒకటే, కాగితం. అది పోతే నమోదు చేసేదెవరో కూడా ఆవిడకి తెలుసు. నేరుగా పోలీసు స్టేషనుకెళ్ళింది. హెడ్ కానిస్టేబులు గుర్తులేమిటని అడిగి, పోయిన వస్తువుల రిజిస్టర్లో రాసుకున్నాడు: ఫామ్ ఒకటి, స్టేడియం పరిసరాల్లో పోయినది, వెతకగా దొరకలేదు. ముద్ర కూడా వేసిచ్చాడు.

కమిటీ ఆ కాగితాన్ని ఒక్క సమావేశంలో ఆమోదించింది. పోలీసులకే దొరకని ఫామ్ ఇక తిరిగి రాదని సభ్యులందరూ ఒప్పుకున్నారు. దాలినాయుడు జట్టులోంచి తొలగించబడ్డాడు. ఇద్దరు మనుషులొచ్చి, వంగి ఉన్నవాడి వీపు మీద చొక్కాని కత్తెరతో కత్తిరించి పట్టుకుపోయారు. మనిషి అలాగే ఉన్నాడు.

నూకరత్నం పరుగున మళ్ళీ ఆఫీసుకొచ్చింది.

"తీసేశారు కదమ్మా, ఇంక వదలమని చెప్పండి వాడికి."

"జట్టులో లేనివాడికి మేం ఏమని చెబుతాం? మాకు అధికారం ఉండదు."

"పట్టుకోమన్నప్పుడు ఎక్కణ్ణుంచొచ్చింది అధికారం?"

"అప్పుడు జట్టులో ఉన్నాడు," అంది సూర్యకుమారి, ఫైలు తాడు ముడేస్తూ.

ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టింది. మేనల్లుణ్ణీ తిట్టింది, అల్లుణ్ణీ తిట్టింది, ఖాళీ గడి కింద పెట్టిన సంతకాలని ఒక్కొక్కటీ పేరు పెట్టి తిట్టింది. సూర్యకుమారి తలూపుతూ విని, ఇదంతా రాతపూర్వకంగా ఇస్తే పైకి పంపుతానంది.

మైదానానికి తిరిగొచ్చి కొడుకు కిందికి పాకింది.

"ఒదిలెయ్యరా నాయనా. నువ్విప్పుడు ఆళ్ళ మనిషివి కాదు."

"నేనొదిలితే పక్కోడి మెడ ఇరిగిపోద్దమ్మా."

పక్కోడి తల్లి కురమమ్మ, ఇచ్ఛాపురం మనిషి, రెండడుగుల దూరంలో తన కొడుక్కి గంజి పోస్తోంది. ఆ మాట విని గిన్నె దించి నూకరత్నం వైపు చూసింది. పదకొండు నెలలుగా ఒకరి కొడుకు మెడ ఇంకొకరి కొడుకు చేతుల్లో ఉంది.

అప్పుడే దాలినాయుడి కుడి మోకాలు మడతపడింది. గుంపంతా ఒక్కసారి కిందికి జారింది. నూకరత్నం ఆలోచించలేదు, మోకాళ్ళ మీద లేచి తన భుజం కొడుకు రొమ్ము కింద పెట్టేసింది. జారడం ఆగింది. కురమమ్మ కూడా వచ్చి తన కొడుకు కింద దూరింది. సాయంత్రానికి స్క్రమ్‌లో ఉన్న మిగతా ఆరుగురి తల్లులకీ కబురందింది. వాళ్ళూ వచ్చి ఎవరి బిడ్డ కింద వాళ్ళు వంగారు. చూడ్డానికొచ్చిన జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు కమిటీ సమావేశమైంది. స్క్రమ్ మునుపటికన్నా దృఢంగా ఉన్నందున, కూలే ప్రమాదం తప్పినందున, తొమ్మిదో నంబరు ఎంపికకి తొందరేమీ లేదని తీర్మానించింది. తల్లుల పేర్లు ఏ జాబితాలోనూ చేర్చనక్కర్లేదని, ఎందుకంటే వాళ్ళని ఎవరూ పిలవలేదని అందులోనే రాసింది.

సూర్యకుమారి మైదానానికొచ్చి ఆ తీర్మానం గట్టిగా చదివి వినిపించింది. నూకరత్నం అంతా వింది. విని, తల కొంచెం ఎడమకి తిప్పుకుంటే భుజం బాగా ఆనుతుందని, నొప్పి తక్కువుంటుందని కురమమ్మకి చెప్పింది.