ఆదర్శ తండాలో కుర్చీలు

మిర్యాలగూడకు ఆవలున్న దేవ్‌సింగ్ తండా మహిళలు పొదుపులో అందరికీ ఆదర్శమని 1996లో అధికారికంగా తేలిపోయింది. ఆనాటి నుంచి వాళ్ల డబ్బాలో పైసా నిలవలేదు.

తేల్చింది లోన్లు మంజూరు చేసే పెద్దసారు. పదిహేనుమంది ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి కారం గిర్నీ కొనుక్కుంటారని విని ఆయన కళ్లు చెమర్చాయి. సంఘం లీడరు పుష్పాబాయికి మాత్రం అంత తీరిక లేదు. మిరపకాయల మూటతో మిర్యాలగూడ బస్సెక్కి, గిర్నీ ముందు పొద్దంతా నిలబడి, ఒకరోజు కూలి పోగొట్టుకునే బాధ ఆమెది. గిర్నీ తండాకొస్తే అది తీరుతుంది.

ఇంత గొప్ప పొదుపును చూడకుంటే అధికారులకు అన్నం సహిస్తుందా? వారానికో జీపు రాసాగింది. సూర్యాపేట సార్లు వచ్చారు, కోదాడ సార్లు వచ్చారు. పొదుపుతో ఏ సంబంధమూ లేని పశువుల డాక్టరు కూడా వచ్చి, సంతోషించి, రెండు కూల్‌డ్రింకులు తాగి వెళ్లాడు. సార్లను నిలబెట్టడం మర్యాద కాదు గనుక గౌరయ్య టెంట్‌హౌస్ నుంచి షామియానా, కుర్చీలు కిరాయికి తెచ్చేవారు. ఆ ఖర్చూ, దండల ఖర్చూ సంఘం డబ్బాలోంచే.

ఒకనాడు పెద్దసారు మైకందుకున్నాడు. "ఈ అక్కచెల్లెళ్ల పొదుపుతో ప్రాంతమంతా అభివృద్ధి చెందుతోంది! మన గౌరయ్యగారు రెండో దుకాణం తెరిచారు!" చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది గౌరయ్యే.

పుష్పాబాయికి ఒళ్లు మండింది. అయినా నవ్వుతూనే లేచింది.

"సార్, మాకు లోను ఇప్పియ్యుండ్రి."

"గిర్నీకేనా అమ్మా?"

"గిర్నీ ఇప్పుడే వద్దు సార్. యాభై కుర్చీలు, ఒక షామియానా కావాలె."

ఆదర్శ సంఘం అడిగితే కాదనేదెవరు? నెల తిరక్కుండా కుర్చీలొచ్చాయి. మరుసటి జీపు దిగిన సార్లు కూర్చోబోతుంటే పుష్పాబాయి చెయ్యి చాపింది.

"కుర్చీకి రెండు రూపాయలు సార్. లోను కుర్చీలాయె. కిరాయి రాకుంటే కిస్తీ తప్పుతది. ఆదర్శ సంఘం కిస్తీ తప్పిందంటే మీకే నామోషీ గదా, జర సూడుండ్రి."

సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని జేబులు తడుముకున్నారు. జీపులు రాని రోజుల్లో కుర్చీలు పక్క తండాల పెళ్లిళ్లకు పోయాయి. రెండేళ్లలో లోను తీరింది, గిర్నీ వచ్చింది. ఇప్పుడు పుష్పాబాయి ఇంటి పక్కనే కారం పట్టించుకుని, వేళకు కూలికి పోతోంది.

ఆడవాళ్లు గిర్నీ ఎలా నడుపుతారో చూడటానికి జీపులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇది చదివి మీకూ చూడాలనిపిస్తే నిరభ్యంతరంగా వెళ్లండి. నిలబడి చూస్తే ఉచితం. ఇంతవరకూ ఎవరూ నిలబడి చూడలేదు.