ఊరు వణికిన ఉదయం

ఆ ఊళ్లో క్యాలెండరులో నెల మారుతుంది గాని ఒంటిమీద చెమట మారదు. జనవరి మధ్యాహ్నం ముప్పై డిగ్రీలైతే, మే మధ్యాహ్నం ముప్పై నాలుగు. మిగతా నెలలన్నీ బద్ధకంగా ఆ రెండంకెల మధ్యే సర్దుకు కూర్చుంటాయి. సముద్రం ఒడ్డున వాతావరణ కేంద్రంలో ఈ అంకెలు చూసి పైకి పంపే ఉద్యోగిని ఊరంతా డిగ్రీల బాబాయి అంటుంది. చూడకుండానే చెప్పగలిగే దానికి ఒక కేంద్రం, ఒక జీతగాడు ఎందుకని పైవాళ్లకు అనుమానం వచ్చింది. ఆ జనవరి ఉదయం పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడు. అనవసరమని తేలితే కేంద్రం మూసేసి, బాబాయిని కొండమీద ఊరికి బదిలీ చేస్తారు. ఫ్యాను మూడో నంబరుకే తుమ్మే మనిషికి ఆ మాట తలుచుకుంటేనే పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

అందుకని పొద్దున్నే, తాను కాపురముండే ఆ కేంద్రం పెరట్లోని థర్మామీటర్ల పెట్టెను తుడిచి తళతళలాడించాలనుకున్నాడు. కాళ్ల మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె అది, గాలి ఆడేలా చుట్టూ రెక్కలు. లోపలున్న థర్మామీటర్లలో ఒకటి మహా మొండిది. ఎంత చల్లదనం తగిలితే అక్కడికి దిగి, ఎవరైనా సర్దేదాకా ఆ అంకె మీదే కూర్చుంటుంది.

తెల్లవారుతుండగా కరెంటు పోయింది. మోకాళ్లకు పెట్టుకునే ఐసు సంచీ కరిగిపోతుందని బాబాయి అత్తగారు బెంగపడి, నీడా గాలీ చూసి దాన్ని ఆ పెట్టెలో దాచారు. కరెంటు రాగానే తిరిగి ఫ్రిజ్జులో పెట్టేశారు. చేసిన పని చాటుకునే అలవాటు ఆవిడకు లేదు.

కాసేపటికి బాబాయి పెట్టె తెరిచి కళ్లు నులుముకున్నాడు. పన్నెండు డిగ్రీలు!

"ఏమే, నాకు చలేస్తోందా?" అని కేకేశాడు.

"మీకు చలేస్తే నన్నడుగుతారేంటండీ?" అంది భార్య వంటింట్లోంచి.

కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు పంపడం ఉద్యోగధర్మం. ఫోన్ చేసి చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇది రేడియో కూడా దాటింది. "చరిత్రలో ఎన్నడూ లేని చలి" అన్న మాట చెవినపడగానే ఊరికి వణుకు పుట్టింది. హెడ్‌మాస్టరు బడికి సెలవిచ్చాడు. పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, "చూశావుటోయ్, చలికి ఎలా చెమటలు పడుతున్నాయో!" అని మూలిగాడు. సెలూనువాడు కేంద్రం గేటు ముందు రోడ్డు మీద అట్టపెట్టెలతో మంట వేస్తే జనం చుట్టూ మూగారు. ఆ పొగ చూసి ఫైరింజను వచ్చింది. ఫైరింజనువాళ్లూ కాసేపు చేతులు కాచుకున్నాకే మంట ఆర్పారు.

వాళ్ల వెనకాలే పెద్దాఫీసరు జీపు దిగాడు. కోటు, మఫ్లరు, చేతులకు ఉన్ని తొడుగులు. ముఖం టమాటా పండులా ఉంది. అత్తగారికి జాలేసింది.

"అయ్యో బాబూ, ఉడికిపోతున్నారే! ఉండండి, ఐసు సంచీ తెస్తాను. పొద్దున మా అల్లుడుగారి పెట్టెలో దాచబట్టి మిగిలింది గాని, లేకపోతే ఈపాటికి నీళ్లయిపోయేది."

బాబాయికి కొండ కళ్ల ముందు కనిపించింది. అయినా అబద్ధం ఆడలేక గేటు దగ్గరికి పోయి, "పన్నెండు తప్పండీ! అది మా అత్తగారి ఐసు! మామూలు వేడే!" అని అరిచాడు.

జనం మండిపడ్డారు.

"అంటే మేం వణికింది అబద్ధమా?" అన్నాడు సెలూనువాడు.

"నా పళ్లు టకటకలాడాయోయ్! మీ అత్తగారు నా నోట్లో కూడా పెట్టిందా ఐసు?" అన్నాడు పోస్టుమాస్టరు.

ఆఫీసరు మఫ్లరుతో మెడ తుడుచుకుంటూ ఆ జనాన్ని చాలాసేపు చూశాడు. తరవాత తన కోటునూ చూసుకున్నాడు.

"ఈ కేంద్రం మూయడానికే వచ్చానయ్యా. కానీ వేడో చలో ఎవరో ఒకరు చెబితే తప్ప వీళ్లకు తెలిసేట్టు లేదు. నాకూ తెలియలేదనుకో. నువ్వు ఇక్కడే ఉండాలి. అత్తగారిని మాత్రం పెట్టె దగ్గరికి రానివ్వకు."

మధ్యాహ్నం బాబాయి పెట్టె తెరిచి చూసి, గేటు దగ్గర నిలబడి, "ముప్పై డిగ్రీలు!" అని ప్రకటించాడు.

అప్పుడు ఊరికి ఉక్కపోసింది.